బంచరాయి మీద తీతువ గుడ్లు

మాఘం దాటి ఎండ ముదిరే రోజుల్లో, వేల్పూర్ బడి నుంచి నేనెక్కిన షేర్ ఆటో ఆర్మూరు పొలిమేరకు చేరుతుండగానే గాలి మారిపోతుంది. ఉడికిన పసుపు వాసన అది. తడిమట్టి, ఆవిరి, అల్లం, ఎక్కడో కాస్త కర్పూరం కలిసినట్టుండే ఆ వాసన ముందు ముక్కులోకి, ఆ తర్వాత జుట్టులోకి, చివరికి బ్యాగులోని పిల్లల నోటుపుస్తకాల్లోకి కూడా దూరి కూర్చుంటుంది. మొన్న ఆటోలో నా పక్కన కూర్చున్న ఒకావిడ, ఊరికి కొత్తనుకుంటాను, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని "ఇదేం వాసనమ్మా, తలనొప్పి వస్తోంది" అన్నది. మా ఇంటి మనిషికి ఎవరో వంక పెట్టినట్టు నాకు చురుక్కుమంది. ఆ గాలిని గుండె నిండా పీల్చుకున్నాను. పీల్చుకున్న ప్రతిసారీ హాయిగా ఉంటుంది, ఆ వెంటనే చిన్నప్పటి ఒక తప్పు గుర్తొస్తుంది. ముప్పై అయిదేళ్లయినా అది వదల్లేదు.

ఇప్పుడు ట్రాక్టరు మీద బాయిలరు వస్తుంది, ఒక్క పూటలో పసుపంతా ఉడికించి పోతుంది. నా చిన్నప్పుడు అది వారం రోజుల జాతర. మా పేటకూ బస్సు రోడ్డుకూ నడుమ, నల్లటి బండలు ఒకదానిమీదొకటి పేర్చినట్టుండే గుట్ట కింద, ఊరందరి ఉమ్మడి నేల ఒకటి ఉండేది. పశువులు మేయడానికి వదిలిన ఆ నేలను బంచరాయి అనేవాళ్లం. ఎవరి పట్టాలోనూ లేదు కనుక అందరిదీ. పసుపు తవ్వగానే ప్రతి ఇంటివాళ్లూ అక్కడ తమ పొయ్యి తవ్వుకుని, ఇనుప కడాయి ఎక్కించి, ఎండిన పసుపు ఆకునే మంటకు వేసి, కొమ్ములు ఉడకబెట్టి, గట్టి ఎర్రకంకర మొరం నేల మీద ఆరబోసేవాళ్లు. ఎండ ఎక్కేసరికి బంచరాయి సగం పచ్చగా అయిపోయేది. కాగితం మీద కొలిస్తే అది ఆరేడెకరాలకు మించదేమోగానీ, నాకు మాత్రం అవతలి కొస కనిపించని దేశంలా ఉండేది.

ఆ దేశంలో మళ్లీ ఎన్నో ఊళ్లు. బండల సందుల్లో ఉడుములు, ఎండలో తలలూపే తొండలు, రాయి ఎత్తితే తేళ్లు. బండల కింద రేగు పొదల్లో కౌజు పిట్టల గుంపు. తల్లి వెంట పిల్లలు ఒకే వరుసలో పరుగెత్తి పొదలోకి మాయమయ్యేవి. మేకలవాళ్లు వేసిన ముళ్లకంపలో ఒక ముంగిస కాపురం. అది ఆగి, వెనక్కి తిరిగి, మనల్ని ఒకసారి ఎగాదిగా చూసి గానీ వెళ్లేది కాదు. పల్లంలో, ఇళ్లకు మన్ను తవ్వగా మిగిలిన గుంత వానాకాలం నిండి ఎండాకాలం దాకా అరకొరగా నీళ్లు పట్టుకునేది. దాని మీదికి వంగిన ఈతచెట్లకు గిజిగాళ్ల గూళ్లు వేలాడేవి. గాలివానకు రాలిన గూడు దొరికితే మా ఆడపిల్లలకు పండగే. అందులో గచ్చకాయలు దాచుకుని, ఎవరి గూడు పెద్దదని జుట్లు పట్టుకునేదాకా కొట్లాడుకునేవాళ్లం.

మృగశిర వానలకు ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కల్లా ఆరుద్ర పురుగులు నేల నుంచి పుట్టుకొచ్చేవి. వాటిని అగ్గిపెట్టెలో వేసుకుని బడికి తీసుకుపోయి, బెంచీ మీద నడిపించి, దెబ్బలు తినేవాళ్లం. ఆ వానలకే గుంతలో కప్పలు మొదలుపెడితే మా ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినిపించేది కాదు. భాద్రపదం వెళ్లేసరికి బంచరాయి అంచులన్నీ తెల్లటి గునుగు, పసుప్పచ్చ తంగేడు. బతుకమ్మకు పూలు కొనుక్కుంటారని మాకు తెలియనే తెలియదు. దసరా రోజు జమ్మికి పోయే దారిలో అందరం తలలెత్తి పాలపిట్ట కోసం వెతికేవాళ్లం. తీగ మీద నీలంగా కనిపిస్తే చాలు, పెద్దలు చెప్పులు విడిచి దండం పెట్టేవాళ్లు. అదే నేల మీద ఇంకో పిట్ట ఏడాది పొడుగునా ఉండేది. పొడుగు పసుపు కాళ్లు, నల్లటి మెడ, కళ్ల ముందు ఎర్రటి తోలు. దానికి మాత్రం ఎవరూ దండం పెట్టేవాళ్లు కాదు. పేరెత్తితేనే తిట్టేవాళ్లు. అదే తీతువ. "టిట్టీ, టిట్టిట్టీ" అని అది ఇంటి మీదుగా కూస్తూ పోతే ఆ ఇంట్లో ఎవరో పోతారని నమ్మకం. పాలపిట్ట చేసిన పుణ్యమేమిటో, తీతువ చేసిన పాపమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

తిట్టని మనిషి ఊళ్లో ఒక్కతే ఉండేది, మా బాపమ్మ. మా నాన్నను కన్న తల్లి. మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. కోపమొస్తే అరవదు, మాట్లాడటం మానేస్తుంది. ఒకసారి మా తాతతో పదకొండు రోజులు మాట్లాడలేదట, ఎందుకో తాతకు చివరిదాకా తెలియలేదట. ఆమె పొద్దున్నే బంచరాయికి పోయి, మా వంతు నేలను కంపచీపురుతో ఊడ్చి, నీళ్లు చల్లి, ఒంగి మట్టిని తాకి కళ్లకద్దుకుని, అప్పుడు గానీ పసుపు ఆరబోయనిచ్చేది కాదు. "నేల పసుపు ఎండేదాక్నే మనది బిడ్డా. ఎండినంక దానిది దానికే," అనేది. తీతువ ఎక్కడైనా గుడ్లు పెట్టి కనబడితే, దాని చుట్టూ మూరెడు జాగా వదిలి గుర్తుకు నాలుగు రాళ్లు పెట్టేది. ఆ రాళ్లు దాటి ఎవరి కాలూ పడకూడదు.

బాపమ్మకు ప్రాణమిచ్చే మనిషి రాజవ్వ. మా వాడకట్టులోనే, మలుపు తిరిగితే ఆమె ఇల్లు. వయసులో బాపమ్మకు కూతురంత. కానీ "అక్కా" అని పిలిచేది, ఇంట్లో ఉప్పు నిండుకున్నా చెప్పుకునేది, నవ్వొచ్చినా ఏడుపొచ్చినా మా గడప మీదే. ఎప్పుడూ ఒళ్లో బీడీల చాట. తునికాకు కత్తిరించడం, తంబాకు పొయ్యడం, చుట్టడం, దారం కట్టడం చేతులు వాటంతటవే చేసుకుపోయేవి, నోరు ముచ్చట్లు చెప్పేది. పసుపు పనుల రోజుల్లో చాట పక్కన పెట్టి మాతోపాటు బంచరాయికి వచ్చి కొమ్ములు విరిచేది. మక్క గుడాలు, అంటే మొక్కజొన్న గింజలు, ఉడకబెట్టి తెచ్చి, మొదటి పిడికెడు నా ఒళ్లో పోసేది. నాకు చిన్న చిన్న పాటలు కట్టి ఏడిపించేది కూడా. నాకు ఆమె అంటే ఎంత ఇష్టమో చెప్పకుండా తర్వాతి సంగతి చెప్పడం న్యాయం కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఎందుకో ఆ ఏడు తవ్వకం ఆలస్యమై, మా పసుపు బంచరాయికి చేరేసరికి ఎండలు బాగా ముదిరాయి. బాపమ్మ ఊడవడానికి పోతే, మా వంతు నేల నట్టనడుమ తీతువ గుడ్లు. గూడేమీ లేదు, నేల మీద చిన్న గుంట, చుట్టూ మొరం పలుకులు, అంతే. నాలుగు గుడ్లు, మొనలన్నీ లోపలికి పెట్టుకుని. మట్టి రంగు మీద నల్ల మచ్చలు, పక్కనున్న రాళ్లకూ వాటికీ తేడా లేదు. తల ఒక్కసారి తిప్పి మళ్లీ చూస్తే ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సిందే. మధ్యాహ్నం ఎండకు తల్లి గుంత దాకా పోయి, కడుపు కింది ఈకలు నీళ్లలో ముంచి, తడి కడుపుతో వచ్చి గుడ్ల మీద కూర్చునేది. అది చూసి నేను గుడాలు తినడం మర్చిపోయాను.

బాపమ్మ నాలుగు రాళ్లు పెట్టింది. రాజవ్వ చేతిలో కొమ్ములు చేతిలోనే ఉండిపోయాయి.

"అక్కా, గిదేం పనే? పసుపు నడుమ తీతువనా? శుభం గానిది గది."

"గుడ్ల మీద కూసున్న తల్లిని లేపుతరా, రాజవ్వా?"

"నా రెండో బిడ్డప్పుడు మూడు దినాలు ఇంటి మీద కూసింది. బిడ్డ దక్కిందా? నీకెర్క లేదా? నువ్వు తియ్యకుంటే నేనే తీసి అవుతల పారేస్త."

బాపమ్మ వంగి పని చేసుకుంది. కాసేపటికి రాజవ్వ కూడా ముక్కు తుడుచుకుని కొమ్ములు విరవసాగింది. పెద్దవాళ్లకు అక్కడితో అయిపోయింది. నాకు అవలేదు. రాజవ్వ అన్నంత పనీ చేస్తుందని నాకు నిజంగా భయం పట్టుకుంది. పిట్ట చచ్చిపోతుందనే కాదు, నాకిష్టమైన రాజవ్వ అంత పని చేస్తే తర్వాత ఆమె మొహం ఎలా చూడాలని.

తొమ్మిదేళ్ల బుర్రకు ఒక ఉపాయం తోచింది. మా ఊళ్లో పుట్టిన పిల్లకు తప్ప ఇంకెవరికీ తోచదు. గడపకు పసుపు రాసి బొట్టు పెడితే ఎవరూ తొక్కరు. వేపచెట్టు కింద ఉత్త రాయికి పసుపు రాస్తే పోచమ్మ అయిపోతుంది, దాని మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికీ ఉండదు. కొత్త సైకిలుకు, కొత్త కుండకు, ఆఖరుకు కడాయి ఎక్కించే ముందు పొయ్యి రాళ్లకు కూడా బొట్టు పెట్టేవాళ్లు. పసుపు పడిన వస్తువుకు కీడు చేయరాదు. మరి గుడ్లకు పెడితే?

ఆ మధ్యాహ్నం అందరూ అన్నానికి ఇళ్లకు పోయారు. నేను దేవుని గూట్లో నుంచి చిటికెడు కుంకుమ, చిప్పలో తడిపిన పసుపు తెచ్చుకున్నాను. తీతువలు రెండూ నా తల మీద సుడులు తిరుగుతూ, రెక్కలు తగిలేంత కిందికి దిగుతూ ఒకటే అరుపు. "మీ మంచికే" అని వాటికి నచ్చజెపుతూ, నాలుగు గుడ్లకూ పెళ్లికూతురికి నలుగు పెట్టినంత శ్రద్ధగా పసుపు రాశాను. ఒక్కొక్క దానికి ఒక్కొక్క బొట్టు పెట్టాను. దూరంగా పోయి కంప చాటున కూర్చుని చూస్తే, తల్లి వచ్చి, అటూ ఇటూ నడిచి, చివరికి వాటి మీద కూర్చుంది. నాకు కలిగిన గర్వం అంతా ఇంతా కాదు. ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మర్నాడు తెల్లవారగానే ఎవరికంటే ముందు పరుగెత్తాను. తీతువల అరుపు మలుపు దగ్గరికే వినిపించింది. గుడ్ల దగ్గర కాకులు. మూడో నాలుగో ఉన్నాయి. రాయి విసిరేలోగా ఒక కాకి ఎగిరింది. దాని ముక్కులో పచ్చగా గుడ్డు, దాని మీద ఎర్రగా నేను పెట్టిన బొట్టు. మిగతా మూడు అప్పటికే పెంకులు. రాళ్లలో రాయిలా ఉండటమే వాటికి ఉన్న ఒక్క కాపుదల అనీ, దాన్ని నేనే చేజేతులా తుడిచేశాననీ ఆ క్షణంలో నాకు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. ఏడుపు రాలేదు. వచ్చింది భయం. పెంకు ముక్కలన్నీ ఒక్కటి మిగలకుండా ఏరి, కడాయి పొయ్యి బూడిదలో లోతుగా కప్పెట్టాను. చేతులు పచ్చగా ఉన్నాయి. కానీ ఆ రోజుల్లో మా ఊళ్లో ఎవరి చేతులు పచ్చగా లేవు?

ఎండ ఎక్కాక బాపమ్మ వచ్చింది. నాలుగు రాళ్ల నడుమ ఖాళీ గుంట చూసింది. పైన పిట్టలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అప్పుడే చేతిలో గుడాల గిన్నెతో వచ్చిన రాజవ్వ తొంగి చూసి, "పోనియ్యి అక్కా, పీడ పాయె," అన్నది.

ఆ మాట ఆమె అనకుండా ఉంటే ఎంత బాగుండేదో. బాపమ్మ తలెత్తి రాజవ్వ మొహంలోకి చూసింది, చాలాసేపు. తర్వాత ఒంగి ఆ నాలుగు రాళ్లూ తీసి పక్కన పెట్టి, పసుపు ఆరబోసింది. ఆ రోజు నుంచి రాజవ్వతో మాట్లాడలేదు.

రాజవ్వ రెండు మూడు రోజులు మామూలుగానే వచ్చింది, పలకరించింది. "ఏందక్కా, పానం మంచిగ లేదా?" అని బాపమ్మ నుదురు కూడా ముట్టి చూసింది. బాపమ్మ జరిగి కూర్చుంది. వారానికి రాజవ్వ రావడం తగ్గింది, నెలకు ఆగిపోయింది. మా ఇంట్లో వాళ్లు ఏదో ఆడవాళ్ల అలకలే అనుకున్నారు. నేను ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో. బాపమ్మ తల దువ్వుతున్నప్పుడు, జ్వరమొచ్చి ఆమె ఒళ్లో పడుకున్నప్పుడు నోటిదాకా వచ్చేది, కుంకుమబొట్టు గుడ్డు కళ్ల ముందు కదిలేది, మింగేసేదాన్ని. చిన్నపిల్లను కదా అని నన్ను నేను సమాధానపరచుకున్నాను. పదో తరగతికి వచ్చేసరికి ఆ సాకు కూడా పోయింది. నేను డిగ్రీ రెండో ఏట ఉండగా బాపమ్మ పోయింది. రాజవ్వ వచ్చి వాకిట్లోకి రాకుండా, బయట అరుగు పక్కనే నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అప్పుడూ నేను చెప్పలేదు. ఇంతకంటే సిగ్గుపడాల్సిన పని నా జీవితంలో ఇంకోటి చేయలేదు.

తర్వాత నాకు నందిపేట్ సంబంధం కుదిరింది, రాజవ్వ పోచంపాడ్‌లో ఉన్న కూతురి దగ్గరికి పోయింది. నేను ఉద్యోగం పేరుతో మళ్లీ ఆర్మూరు చేరేసరికి ఊరికీ మా పేటకూ మధ్య హద్దు చెరిగిపోయింది. బంచరాయి సగం ఇళ్లయింది, మిగిలిన సగం చుట్టూ ఇనుప కంచె వేసి పార్కు చేశారు. నడవడానికి సిమెంటు ఇటుకల బాట, రంగురంగుల కసరత్తు సామాన్లు, నీళ్లు రాని ఫౌంటెను. తప్పుబట్టడానికి లేదు, సాయంత్రం ముసలివాళ్లు నడుస్తారు, పిల్లలు జారుడుబండ మీద కేకలేస్తారు, నేనూ షుగరు భయంతో నాలుగు చుట్లు తిరుగుతాను. అయితే గుంత పూడ్చారు, దానితో కప్పలు పోయాయి, ఈతచెట్లు పోయాయి, గిజిగాళ్లు పోయాయి. ముళ్లకంప లేదు కనుక ముంగిసకు ఇల్లు లేదు. గునుగు పూలు బతుకమ్మకు ఇప్పుడు బజారులో కట్టలు కట్టి అమ్ముతారు. మొరం నేల ఎక్కడా జానెడు కనిపించదు, అంతా కొనితెచ్చి పరిచిన గడ్డి. గడ్డి పచ్చగా ఉంది, దాని మీద వాలేది కాకులు మాత్రమే.

పోయిన నెల ఆ పార్కులో, గేటు పక్క బెంచీ మీద, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని రాజవ్వ కనిపించింది. కూతురి ఇంటి నుంచి తిరిగి వచ్చేసిందట, సొంతింట్లో పోవాలని. వేళ్లు వంకరపోయి బీడీలు చుట్టడం ఎప్పుడో మానేసింది. నన్ను గుర్తుపట్టి, పక్కన కూర్చోబెట్టుకుని, నా మొహమంతా తడిమి, కాసేపు ఆ ముచ్చటా ఈ ముచ్చటా చెప్పి, ఉన్నట్టుండి అడిగింది.

"బిడ్డా, మీ బాపమ్మ నాతోని ఎందుకు మాట్లాడలేదే? ఎంత సోంచాయించినా నాకు సమజైతలేదు. నేనేం తప్పు జేసిన?"

ఆమెకు తెలియదు. ఇన్నేళ్లూ తెలియనే తెలియదు. అలిగిన మనిషి పోయినా, అలక ఎందుకో తెలియక ఈమె ఒక్కతే దాన్ని మోస్తూ తిరిగింది. నేను చెప్పేశాను. పసుపు, కుంకుమ, కాకులు, పొయ్యి బూడిద, అన్నీ. ఆటలాడే పిల్లల గోలలో నా మాటలు నాకే సరిగ్గా వినిపించలేదు.

రాజవ్వ కర్ర కొనతో సిమెంటు ఇటుకల సందులో మట్టిని గెలికింది. తిడుతుందనుకున్నాను, తిట్టాలనే కోరుకున్నాను.

"గుడ్లకు బొట్టు వెట్టినవానే, పిచ్చి పోరీ," అన్నది చివరికి. "నేను భయపడ్డ గని ముట్టలేదు బిడ్డా. గామె నన్ను ఒక్క మాట అడగకపాయె. నేను గూడ గట్టిగ నిలదీసి అడగకపోతి." నా చెయ్యి పట్టుకున్నది. "రోజూ రా. నాతోని మాట్లాడని గన్నేండ్లు మీ బాపమ్మ ఏం జేసిందో, ఏం తిన్నదో, నాకు చెప్పు."

మర్నాటి నుంచి పోతున్నాను. మొదటి సాయంత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తోచక, సద్దుల బతుకమ్మ నాటి సంగతి చెప్పాను. రొట్టెలు, బెల్లం కలిపి మలీద ముద్దలు చేసిన వెంటనే, మాకెవరికీ పెట్టకముందే, బాపమ్మ అయిదు ముద్దలు ఇత్తడి గిన్నెలోకి తీసి, కొంగు కప్పుకుని వాకిలి దాటేది. మలుపు దాకా పోయేది. అక్కడ కాసేపు నిలబడి, తిరిగొచ్చి, ఆ ముద్దలు మా పిల్లలకే పంచేది. ఎందుకని మేమెవరం అడగలేదు.

"ఒక్క ఏడేనా?" అడిగింది రాజవ్వ.

"ప్రతి ఏడూ. బతికినన్నాళ్లూ."

ఆమె కళ్లు తుడుచుకోలేదు, నా వైపు చూడనూ లేదు.

"మలుపుకు ఇవుతల నా తలుపు కాడ నేను నిలవడుతుంటిని బిడ్డా," అన్నది, "ఈ ఏడన్న వస్తదేమోనని."